ధనుష్కోటి: రైలు పోయాక కూడా ఉన్న ఊరు (తరచుగా అడిగే ప్రశ్నలు)

రామేశ్వరం వెళ్ళొచ్చిన ప్రతిసారీ చుట్టాలు, ఆఫీసులో వాళ్ళు, పక్కింటివాళ్ళు ధనుష్కోటి గురించి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. "దయ్యాల ఊరు" అని ఏదో వీడియోలో చూసి అడిగేవాళ్ళే ఎక్కువ. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఎందుకో కింద జవాబుల్లో తెలుస్తుంది. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ధనుష్కోటి ఎక్కడుంది? రామేశ్వరమూ అదీ ఒకటేనా?

కాదు. రామేశ్వరం పాంబన్ అనే దీవి మీద ఉంది. ఆ దీవి ఆగ్నేయం వైపు సన్నబడుతూ, తోకలా శ్రీలంక దిక్కుగా సాగుతుంది. ఆ తోక మీద ఉన్న ఊరే ధనుష్కోటి. రామేశ్వరం గుడి దగ్గర్నుంచి దాదాపు 18 కిలోమీటర్లు. ఊరు దాటి ఇంకో నాలుగున్నర కిలోమీటర్లు పోతే నేల అయిపోతుంది. ఆ చివరి కొసను అరిచల్‌మునై అంటారు.

పేరులో "కోటి" అంటే సంఖ్య కాదు, కొన. ధనుస్సు కొన. లంక నుంచి తిరిగొచ్చాక విభీషణుడి కోరిక మీద రాముడు వింటి కొనతో సేతువును ఇక్కడే తెంపాడని స్థలపురాణం. తమిళంలో ధనుష్కోడి అంటారు, బోర్డుల మీద అలాగే ఉంటుంది.

అక్కడ ఇప్పుడు ఎవరూ ఉండరంట కదా?

ఉంటారు. జాలరి కుటుంబాలు వందల్లో ఉన్నాయి. పొద్దున్నే పడవలు వెళ్తాయి, వలలు లాగుతారు, గుడిసెల ముందు ఇసుకలో చేపలు ఎండుతుంటాయి. సర్కారు బడి కూడా ఉంది, పిల్లలు సంచులు తగిలించుకుని ఇసుకలో నడిచి వెళ్తుంటారు. మనం కారు దిగి పాడుబడ్డ చర్చి ముందు ఫోటో తీసుకుంటున్నప్పుడు ఆ పక్కనే తాటాకు గుడిసెలో ఒకావిడ అన్నం వండుతుంటుంది. ఫోటోలో గుడిసె పడకుండా జరిగి నిలబడతాం. తర్వాత ఇంటికొచ్చి "మనుషులు లేని ఊరు" అని రాస్తాం.

పట్నం పోయింది, నిజమే. ఊరు పోలేదు. ఈ రెండింటికీ తేడా తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

అంత చివరికి రైలు ఎందుకు వేశారు?

కొలంబో కోసం. ధనుష్కోటికి ఎదురుగా, సముద్రంలో సుమారు 35 కిలోమీటర్ల దూరంలో శ్రీలంకలోని తలైమన్నార్ ఉంది. మద్రాసు ఎగ్మూరులో రైలెక్కితే తిన్నగా ధనుష్కోటి రేవు దాకా వచ్చేవాళ్ళు. అక్కడ దిగి స్టీమర్ ఎక్కితే రెండు మూడు గంటల్లో తలైమన్నార్. ఆ ఒడ్డున ఇంకో రైలు కొలంబోకి సిద్ధంగా ఉండేది. మొత్తానికీ ఒకటే టికెట్. రైలు, పడవ కలిసిన ప్రయాణం కాబట్టి జనం దీన్ని బోట్ మెయిల్ అన్నారు. ఇప్పటికీ ఎగ్మూరు నుంచి రామేశ్వరం వచ్చే పాత రైలును పెద్దవాళ్ళు ఆ పేరుతోనే పిలుస్తారు.

ఇది మొదలైంది 1914లో. ఆ ఏడాది ఫిబ్రవరి 24న, దీవిని అవతలి నేలతో కలుపుతూ సముద్రం మీద కట్టిన పాంబన్ రైలు వంతెన ప్రారంభమైంది. అంతకుముందు కొలంబో వెళ్ళాలంటే తూత్తుకుడి నుంచి ఓడెక్కి చాలాసేపు సముద్రంలో ఊగాల్సి వచ్చేది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో మెయిన్ లైను, వంతెన దాటగానే దీవి మీద వచ్చే పాంబన్ స్టేషను నుంచి ధనుష్కోటికి. రామేశ్వరానిదే బ్రాంచి లైను. పాంబన్‌లో దిగి రైలు మారితే తప్ప రామనాథస్వామి దర్శనం లేదు. ఇప్పుడు మ్యాపు చూస్తే అంతా తలకిందులైంది. బ్రాంచి మిగిలింది, మెయిన్ లైను ఇసుక కింద ఉంది.

రైలు ఉన్న రోజుల్లో ఊరు ఎలా ఉండేది?

చిన్నదే కానీ సందడిగా ఉండేది. రైల్వే స్టేషను, రేవు, కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు, ఆసుపత్రి, బడి, చర్చి, యాత్రికుల సత్రాలు, రైల్వే వాళ్ళ క్వార్టర్లు. లంక టీ తోటలకు పనికి వెళ్ళేవాళ్ళు, సరుకులు తెచ్చుకునే వ్యాపారులు, సేతుస్నానానికి వచ్చే భక్తులు అందరూ ఈ ప్లాట్‌ఫారం మీద నుంచే వెళ్ళాలి. ఇర్విన్, గోషెన్ అనే స్టీమర్లు ఈ రేవుకు బాగా తెలిసిన పేర్లు.

అప్పుడు కూడా ఊళ్ళో జాలర్లు ఉన్నారు. రైలు రాకముందూ ఉన్నారు. రైలు వాళ్ళకు సంత లాంటిది, ఉదయం పట్టిన చేప అదే రైల్లో ఎగుమతి. స్టేషను కథ చెప్పేటప్పుడు ఇంగ్లీషు దొరలూ స్టీమర్లూ ముందుకొస్తారు, చేపల బుట్టలు మోసినవాళ్ళు వెనకే ఉండిపోతారు.

1964లో ఏం జరిగింది?

డిసెంబర్ మూడోవారంలో దక్షిణ అండమాన్ సముద్రంలో పుట్టిన వాయుగుండం తుఫానుగా బలపడి, శ్రీలంక ఉత్తరభాగాన్ని దాటి, 22వ తేదీ రాత్రి ఇటు వచ్చింది. మామూలుగా మన వైపు తుఫాను తీరం దాటితే ఒక వైపు నుంచే నీళ్ళు వస్తాయి. ఇక్కడ నేల సన్నటి పట్టీ, రెండు వైపులా సముద్రమే. పారిపోవడానికి మెరక అంటూ లేదు. ఇరవై అడుగులకు పైగా లేచిన కెరటాలు ఒక వైపు నుంచి ఎక్కి రెండో వైపు దిగాయి.

దివిసీమ ఉప్పెన గురించి ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళకు దీన్ని వేరే వివరించక్కర్లేదు. 1977 నవంబర్ 19న కృష్ణా జిల్లాలో జరిగింది ఇదే: గాలి భయపెట్టింది, చంపింది మాత్రం నీళ్ళు. తమిళనాడు వాళ్ళు "పుయల్" (తుఫాను) అంటారు కానీ, ధనుష్కోటిలో జరిగినదానికి మన "ఉప్పెన" అన్న మాటే సరిగ్గా సరిపోతుందని నాకనిపిస్తుంది.

ఆ రాత్రి 11 గంటల 55 నిమిషాలకు పాంబన్ నుంచి 653 నంబరు ప్యాసింజర్ బయల్దేరింది. ఆరు బోగీలు. 110 మంది ప్రయాణికులు, ఐదుగురు రైల్వే సిబ్బంది. ధనుష్కోటి స్టేషను ఇంకొన్ని వందల మీటర్ల దూరంలో ఉందనగా సిగ్నల్ లేదు. బయట కటిక చీకటి, కుండపోత. డ్రైవరు కాసేపు ఆగి చూశాడు. సిగ్నల్ పడలేదు. ఆఖరికి పొడుగ్గా ఒక కూత వేసి రైలును ముందుకు కదిపాడని చెప్తారు. అంతలోనే కెరటం వచ్చి రైలు మొత్తాన్ని పడగొట్టింది.

ఒక్కరూ బతకలేదు. టెలిగ్రాఫ్ తీగలన్నీ తెగిపోవడంతో రైలు కొట్టుకుపోయిందన్న సంగతి బయటి లోకానికి తెలియడానికే రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మదురై, రామనాథపురం వైపు స్టేషన్లలో తమవాళ్ళ కోసం ఎదురుచూసినవాళ్ళ టెన్షన్ ఎలా ఉండుంటుందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

మొత్తం ఎంతమంది చనిపోయారు?

రైల్లో లెక్కకు వచ్చినవాళ్ళు 115 మంది. టికెట్ లేకుండా ఎక్కినవాళ్ళను కలిపితే ఇంకా ఎక్కువే. తుఫాను మొత్తం మీద 1800 మందికి పైగా అని అంచనా. చాలా కథనాల్లో రైలు ఒక్కటే కనిపిస్తుంది, అది ఫోటోకు ఆనే విషయం కాబట్టి. నిద్రలోనే ఇసుక దిబ్బతో సహా కొట్టుకుపోయిన గుడిసెలవాళ్ళు ఏ టికెట్ లెక్కలోనూ లేరు.

పాంబన్ వంతెన కూడా కొట్టుకుపోయిందా?

చాలావరకు. 145 గర్డర్లలో 126 సముద్రంలో పడిపోయాయి. ఓడలు వెళ్ళేందుకు పైకి లేచే మధ్య భాగం మాత్రం నిలిచింది. రైల్వే ఆరు నెలల్లో బాగుచేయాలనుకుంది. ఆ పని అప్పగించిన యువ ఇంజినీరు, కేవలం 46 రోజుల్లో వంతెన మీద రైలు నడిపించాడు. సముద్రంలో పడిన గర్డర్లనే వెతికి పైకి తీయించి మళ్ళీ వాడారు. ఆ ఇంజినీరే తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టించిన ఇ. శ్రీధరన్.

పాత వంతెన మీద రైళ్ళు 2022 డిసెంబర్‌లో ఆగాయి. పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజు ప్రారంభమైంది. పాతదానిలో మధ్య భాగం రెండు ముక్కలుగా విడిపోయి, రెక్కల్లా వాలుగా లేచేది. కొత్తదానిలో 72.5 మీటర్ల ముక్క మొత్తం లిఫ్టులా నిటారుగా పైకి లేస్తుంది.

వంతెనను 46 రోజుల్లో బాగుచేసినవాళ్ళు ధనుష్కోటి లైను ఎందుకు వదిలేశారు?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ప్రశ్న ఇదే. తుఫాను తర్వాత అప్పటి మద్రాసు ప్రభుత్వం ధనుష్కోటి మనుషులు ఉండటానికి పనికిరాదని ప్రకటించింది. పట్నం లేదు, రేవు లేదు, ఇంక రైలు ఎవరి కోసం? లంకకు వెళ్ళే స్టీమర్‌ను రామేశ్వరం నుంచే నడిపారు. 1980ల్లో లంకలో గొడవలు ముదరడంతో అదీ ఆగిపోయింది. వంతెన బాగైతే రామేశ్వరం యాత్రికులు వస్తారు. ధనుష్కోటి లైను బాగుచేస్తే వచ్చేది జాలర్లే. లెక్క వేసినవాళ్ళకు తేలిగ్గానే తేలి ఉంటుంది.

ఆ నేల ప్రమాదకరం అన్నది అబద్ధం కాదు. మళ్ళీ అంతే తుఫాను వస్తే మళ్ళీ అంతే జరుగుతుంది. కాకపోతే "పనికిరాదు" అన్న ఒక్క మాటతో అక్కడ ఉండిపోయినవాళ్ళకు దశాబ్దాల పాటు రోడ్డు, కరెంటు, మంచినీళ్ళు అన్నీ దూరమయ్యాయి. అది నాకు న్యాయంగా అనిపించదు.

అంత జరిగాక జనం మళ్ళీ ఎందుకు వచ్చారు?

చేప అక్కడ ఉంది కాబట్టి. కొన్ని కుటుంబాలు రామేశ్వరం వైపు వెళ్ళి స్థిరపడ్డాయి. మిగతావాళ్ళు వేటకు వచ్చి, పాకలు వేసుకుని, అలా అలా ఉండిపోయారు. పెద్ద మరబోట్లు లేనివాడు బతకాలంటే ఒడ్డు నుంచి వల లాగగలిగే తీరం కావాలి. అది ఇక్కడుంది.

వాళ్ళు "కరైవలై" అనేది మన కోస్తాలో అలివి వల. చిన్న పడవ ఒకటి తాడు కొసను ఒడ్డున వదిలి, సముద్రంలోకి వెళ్ళి అర్ధచంద్రాకారంగా వల దించుకుంటూ వచ్చి, రెండో తాడును ఇంకోచోట ఒడ్డుకు చేరుస్తుంది. ఇక రెండు జట్లూ రెండు తాళ్ళు పట్టుకుని లాగడమే. గంటల తరబడి లాగాలి. తాడును నడుముకు ఆనించుకుని, మడమలు ఇసుకలో దిగేసి, ఒక్కొక్క అడుగు వెనక్కి వేస్తారు. లాగుతూ లాగుతూ రెండు జట్లూ దగ్గరవుతాయి. చివర్లో వల సంచి ఒడ్డుకు వచ్చేసరికి కాకులు, కుక్కలు, పిల్లలు అందరూ హాజరు.

నేను చూసిన రోజు, అంత కష్టానికీ వచ్చింది మూడు నాలుగు గంపల చిన్న చేపలు. అందులో ఎంతమందికి వాటా అని లెక్కపెడితే తాడు పట్టినవాళ్ళే ఇరవై మందికి పైన తేలారు. ఎవరూ విసుక్కోలేదు. ఆడవాళ్ళు వెంటనే కూర్చుని, ఎండబెట్టేవి ఒక పక్క, అమ్మేవి ఒక పక్క ఏరడం మొదలుపెట్టారు.

రెండు వైపులా ఉప్పు సముద్రమే కదా, తాగే నీళ్ళు ఎలా?

చెలమలు. రాయలసీమ ఏటి ఇసుకలో తీసే చెలమలు తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. వాన నీరు ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పు నీటి మీద పలచటి పొరగా నిలబడుతుంది. మంచి నీరు ఉప్పు నీటి కంటే తేలిక కాబట్టి పైనే ఉంటుంది. రెండు మూడు అడుగులు తవ్వితే ఊరుతుంది. ఆశపడి లోతుగా తవ్వారో, ఉప్పు నీరు పైకి వచ్చేస్తుంది. అందుకే ఎవరూ బావి తవ్వరు, అవసరమైనప్పుడల్లా కొత్త చెలమ తీస్తారు.

మేం వెళ్ళినప్పుడు ఒకావిడ గుంత పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కొబ్బరి చిప్పతో నీళ్ళు తోడుతోంది. చిప్ప అడుక్కి తగలకుండా, ఇసుక రేగకుండా, నీటి పైపొరను మాత్రమే ఒడుపుగా తీసుకుని, బిందె మూతికి కట్టిన గుడ్డలో పోస్తోంది. పది పన్నెండు చిప్పలు తీశాక ఆగింది. ఊట రావాలి. మళ్ళీ తీసింది. ఒక బిందె నిండటానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను కానీ, నేను నిలబడి చూసిన అరగంటలో నిండలేదు.

మా అమ్మ వైపు చిప్ప చాచి "నల్ల తణ్ణి, కుడింగమ్మా" అంది. "నల్ల" అని వినపడేసరికి అమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. తమిళంలో నల్ల అంటే మంచి. మంచినీళ్ళు, తాగండమ్మా అంటోంది ఆవిడ. అమ్మ తాగింది. రెండు సముద్రాల మధ్య ఉన్న ఆ నీళ్ళలో ఉప్పన్నమాటే లేదు.

పట్టాలు కనిపిస్తాయా? రైలు గుర్తులు ఏమున్నాయి?

పట్టాల కోసం వెళ్తే నిరాశే. గాలికి ఇసుక కదిలినప్పుడు అక్కడక్కడా ఏదో ముక్క బయటపడుతుంది, మళ్ళీ కప్పుకుపోతుంది. స్టేషను గోడలు కొన్ని, నీళ్ళ ట్యాంకును మోసిన ఇటుక స్తంభాలు, పోస్టాఫీసు గోడలు, పైకప్పు లేని చర్చి మిగిలాయి. చర్చి గోడను దగ్గరగా చూడండి. అందులో పగడపు రాళ్ళు వాడారు. చేత్తో తడిమితే పువ్వుల్లాంటి, తేనెపట్టు లాంటి గుర్తులు వేళ్ళకు తగులుతాయి. సముద్రంలోంచి తీసిన రాళ్ళతో కట్టిన గోడ సముద్రానికే కొంత నిలబడింది. దయచేసి వాటిమీద పేర్లు చెక్కకండి, ముక్కలు తెచ్చుకోకండి. ఇప్పటికే సగం అలా పోయింది.

దారిలో వచ్చే కోదండరామస్వామి గుడి ఆ తుఫానును తట్టుకుని నిలిచింది. విభీషణుడు రాముణ్ణి శరణు వేడింది ఇక్కడే అంటారు. రామేశ్వరం నుంచి ఆటోలో వచ్చేవాళ్ళు తిరుగు ప్రయాణంలో ఆగుదామనుకుని చీకటి పడి మానేస్తుంటారు. వెళ్ళేటప్పుడే ఆగండి.

రోడ్డు వచ్చాక ఏం మారింది?

ఇదివరకు ముకుందరాయర్ చత్రం దగ్గర తారురోడ్డు ఆగిపోయేది. అక్కణ్ణుంచి నడక, లేకపోతే ఇసుకలో, నీళ్ళలో ఊగిపోతూ వెళ్ళే జీపులు, వ్యాన్లు. ప్రసవం వచ్చినా, పాము కరిచినా అదే దారి. 2017 జూలైలో అరిచల్‌మునై దాకా 9.5 కిలోమీటర్ల రోడ్డు తెరిచారు. ఇప్పుడు బస్సులే వెళ్తున్నాయి.

ఊరివాళ్ళకు ఆసుపత్రి, బడి, చేపల మార్కెట్టు దగ్గరయ్యాయి. చాలా కుటుంబాల్లో ఆడవాళ్ళు గవ్వల దండలు, శంఖాలు, వేయించిన చేపలు అమ్ముకుని నాలుగు రూపాయలు చూస్తున్నారు. ఇంకో పక్క సెలవు రోజుల్లో కార్ల వరస, ఆ వరస వదిలి వెళ్ళే ప్లాస్టిక్. జీపులు నడుపుకున్నవాళ్ళ పని పోయింది. అయినా సరే, రోడ్డు రావడం మంచిదే అయిందని నేను గట్టిగా నమ్ముతాను. ఊరు పాతగా ఉంటేనే చూడటానికి బాగుంటుందని సాయంత్రానికి ఏసీ రూముకు వెళ్ళిపోయే మనం అనకూడదు.

రైలు మళ్ళీ వస్తుందా?

2019 మార్చి 1న ప్రధాని రామేశ్వరం–ధనుష్కోటి కొత్త లైనుకు శంకుస్థాపన చేశారు. 17 కిలోమీటర్ల పైచిలుకు బ్రాడ్‌గేజ్ లైను, అంచనా ఖర్చు 208 కోట్లు. పర్యావరణానికి దెబ్బ అని రాష్ట్ర ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో పని ముందుకు సాగలేదు.

నా అభిప్రాయం అడిగితే, రైలు రావాలని మనసు కోరుతుంది, వద్దని బుద్ధి చెప్తుంది. కదిలే ఇసుక మీద, రెండు సముద్రాల మధ్య కట్ట పోసి స్టేషను కడితే, దాని వెంట హోటళ్ళు వస్తాయి. అప్పుడు ముందుగా కదలాల్సి వచ్చేది చెలమ పక్కన గుడిసెవాళ్ళే.

కాశీయాత్రకు ఇసుక ధనుష్కోటి నుంచే తేవాలా?

మన తెలుగువాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. సంప్రదాయం ఏమిటంటే, రామేశ్వరంలో సేతుస్నానం చేసి, అక్కడి ఇసుక తీసుకెళ్ళి ప్రయాగ త్రివేణిలో కలిపి, గంగాజలం తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయిస్తే యాత్ర పూర్తవుతుంది. సేతుస్నానానికి అసలు చోటు ధనుష్కోటే అని మా ఇంటి పురోహితులు చెప్పారు. వీలుకానివాళ్ళు గుడి ఎదుటి అగ్నితీర్థంలోనే స్నానం చేసి ఇసుక తీసుకుంటారు, అదీ చెల్లుతుంది. మీ ఇంటి ఆచారం ఏదైతే అది పాటించండి. గుప్పెడు ఇసుక చాలు, సంచులకు సంచులు నింపుకోవద్దు.

మగ సముద్రం, ఆడ సముద్రం అంటారే, అదేంటి?

ఒక వైపు మన్నార్ సింధుశాఖ, ఇంకో వైపు పాక్ జలసంధి. మన్నార్ వైపు నీళ్ళు ఎగిసిపడుతుంటాయి, దాన్ని జాలర్లు "ఆణ్ కడల్" అంటారు. అంటే మగ సముద్రం. పాక్ వైపు చెరువులా నెమ్మదిగా ఉంటుంది, అది "పెణ్ కడల్", ఆడ సముద్రం. మన పురోహితులు వీటినే రత్నాకరం, మహోదధి అని సంకల్పంలో చెప్పిస్తారు. ఏడాది పొడుగునా ఇదే వరస కాదు, గాలి మళ్ళితే గుణాలు కూడా మారతాయట. నెమ్మదిగా ఉన్నది ఎప్పుడూ నెమ్మదిగానే ఉంటుందనుకోవద్దని అక్కడివాళ్ళు మరీ మరీ చెప్తారు.

ఈత కొట్టొచ్చా?

వద్దు. అరిచల్‌మునై దగ్గర రెండు ప్రవాహాలు కలుస్తాయి, మోకాలి లోతులోనే కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది. సంకల్ప స్నానమైనా ఒడ్డునే, పట్టుకోవడానికి మనిషి తోడుంటేనే.

శ్రీలంక కనిపిస్తుందా?

కనిపించదు. ఫోనుకు మాత్రం ఒక్కోసారి లంక నెట్‌వర్క్ తగులుతుంది, రోమింగ్ ఆపేసి ఉంచుకోండి.

రాజహంసలు ఉంటాయంటారు, నిజమేనా?

నిజమే. మన సూళ్ళూరుపేట, పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసల్లాంటివే, చలికాలంలో ఇక్కడి లోతు తక్కువ నీళ్ళలోనూ గుంపులుగా దిగుతాయి. 2025 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం ఇక్కడ సుమారు 525 హెక్టార్లను వాటి అభయారణ్యంగా ప్రకటించింది. దూరం నుంచి చూడండి. డ్రోను ఎగరేస్తే గుంపంతా లేచిపోతుంది, తిండి వదిలి.

ఎలా వెళ్ళాలి? ఎప్పుడు వెళ్ళాలి?

తిరుపతి నుంచి రామేశ్వరానికి రైలుంది, లేదంటే చెన్నై మీదుగా, మదురై మీదుగా. రామేశ్వరం నుంచి ధనుష్కోటికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. చీకటి పడకముందే అందర్నీ వెనక్కి పంపేస్తారు, కాబట్టి సాయంత్రం నాలుగింటికి బయల్దేరి లాభం లేదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తక్కువ. తుఫాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానేయండి, రిజర్వేషన్ డబ్బులు పోతే పోయాయి.

రాత్రిళ్ళు దయ్యాలు తిరుగుతాయని, రైలు కూత వినిపిస్తుందని అంటారు...

వల లాగే జట్టులో ఒక పెద్దాయనను, మాకు డ్రైవరుగా వచ్చిన కుర్రాడి ద్వారా ఇదే అడిగాను. అడిగాక సిగ్గేసింది. ఆయనేమీ కోప్పడలేదు. తన అత్తవారి తరఫున ఎంతమంది ఆ రాత్రి పోయారో వేళ్ళు మడిచి చెప్పాడు. రెండు చేతులూ సరిపోలేదు. వాళ్ళు ఇక్కడే ఉంటే నాకు భయమెందుకు, మావాళ్ళే కదా అన్నాడు.

అప్పట్నుంచి నేను దయ్యాల ప్రశ్న ఎవర్నీ అడగలేదు.

ఊళ్ళోవాళ్ళతో ఎలా ఉండాలి? ఏమైనా తీసుకెళ్ళాలా?

అడక్కుండా ఫోటోలు తీయకండి, ముఖ్యంగా చెలమ దగ్గర ఆడవాళ్ళను. "అక్కా", "అణ్ణా" అని పిలిస్తే చాలు, మిగతా తమిళం రాకపోయినా పరవాలేదు. చెలమ చుట్టూ చెప్పులతో తిరగొద్దు, అందులో చేతులు కడగొద్దు. పిల్లలకు బిస్కెట్ పాకెట్లు పంచి వీడియో తీసుకోకండి. ఎండు చేప కొనండి, గవ్వల దండ కొనండి, మరీ గీసి గీసి బేరం ఆడకండి. మీరు తెచ్చిన నీళ్ళ సీసాలు మీతోనే రామేశ్వరం తిరిగి రావాలి.

ఎంతసేపు కేటాయించాలి?

టూర్ వాళ్ళు ఒక గంట ఇస్తారు. అరిచల్‌మునైలో సెల్ఫీ, చర్చి దగ్గర సెల్ఫీ, అంతే. మీ బండిలో మీరు వెళ్తే తెల్లారగానే బయల్దేరండి. అలివి వల లాగుతున్న జట్టు కనిపిస్తే అక్కడ దిగి, వల సంచి ఒడ్డుకు చేరేదాకా ఉండండి. తాడు పట్టమని వాళ్ళే పిలుస్తారు. మా తమ్ముడు పట్టాడు. పావుగంటకే అరచేతులు బొబ్బలెక్కాయి. చివర్లో వాటాలు వేస్తున్నప్పుడు ఆ పెద్దాయన వాణ్ణి పిలిచి, వద్దంటున్నా వినకుండా, రెండు చేపలు కొబ్బరాకుకు గుచ్చి చేతిలో పెట్టాడు.